పోస్టరు మీద కుమారి

మా ఆర్కెస్ట్రా నడిపిన ప్రభాకర్ సార్ పోయిన నెల కాలం చేశాడు. పాల్వంచలో ఒక ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెట్టి పాతవాళ్లందరినీ పిలిచారు. కీబోర్డు వాయించినతను ఇప్పుడు బట్టల షాపు నడుపుతున్నాడు. ప్యాడ్లు వాయించినతనికి చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నన్ను కూడా మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని చాలా ఏళ్లయింది కానీ, అది చేతికొస్తే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. నాకు పాట ఇచ్చింది ఆయన, పేరు ఇచ్చింది ఆయన, నాలుగు ఊళ్లు చూపించింది ఆయన అని పావుగంట మాట్లాడాను. ముందు వరసలో వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో దాన్ని ఫోనులో తీసి గ్రూపుల్లో పెట్టారు.

మా అమ్మాయి అఖిల భద్రాచలంలో ఒక ఆసుపత్రిలో నర్సు. మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. తనంతట తాను ఫోన్ చేయడం తక్కువ. "వీడియో చూసిన. మంచిగ మాట్లాడినవమ్మా" అంది. సంతోషపడబోయాను. "నాన్న పోయినప్పుడు నువ్వు ఒక్క మాట మాట్లాడలే గద" అంది ఆ వెంటనే. కోపంగా అనలేదు. రోగికి జ్వరమెంత ఉందో రాసుకునేటప్పుడు చెప్పినట్టు చెప్పింది. డ్యూటీకి టైమైందని పెట్టేసింది.

నిజమే, మాట్లాడలేదు. పాట ఇచ్చింది ప్రభాకర్ సార్ అని సభలో అన్నాను కానీ, ఆ సార్ దగ్గరికి నన్ను తీసుకుపోయింది మా ఇంటాయన. ఆయన పేరు మొగిలి. బతికున్నప్పుడు ఆ పేరు పెట్టి నేను ఒక్కసారి కూడా పిలవలేదు, ఏమయ్యా అనేదాన్ని. ఇల్లందులో బొగ్గు గనిలో పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయి లోపల బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడు తెగితే అతుకు వేయడం ఆయన పని. తీగ పాయల్ని విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకు ఎక్కడుందో తెలియకుండా అల్లాలి. వేళ్లు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవి. ఆ చీరికల్లోకి బొగ్గు దిగి, సబ్బుకు పోని నల్లటి గీతలుగా మిగిలేది. మాకు రెండు గదుల కంపెనీ క్వార్టరు. ముందు చిన్న వాకిలి, వాకిట్లో బొగ్గుల పొయ్యి, ఒక జామ చెట్టు. పొద్దున్నే క్వార్టర్ల లైను మొత్తం పొయ్యిలు ముట్టిస్తే తెల్లటి పొగ నడుము ఎత్తున ఆగి, అందులో మనుషులు సగం దాకా మునిగి నడుస్తున్నట్టు కనిపించేవాళ్లు. ఆ పొగ వాసన అంటే నాకు రోత. పెళ్లయిన కొత్తలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

బడిలో పాడేదాన్ని తప్ప పాట నేర్చుకున్నదాన్ని కాదు. గిన్నెలు తోముకుంటూ పాడుకునేదాన్ని. మొగిలి షిఫ్టు దిగి వచ్చి, పాట వినపడితే లోపలికి రాకుండా దడి బయటే నిలబడేవాడట. వస్తే ఆపేస్తానని. ఈ సంగతి పక్క క్వార్టరు ఖాసిం భాయ్ భార్య చెప్పింది నాకు, మీ ఆయన సైకిలు పట్టుకుని అంతసేపు ఎందుకు నిలబడతాడు, ఇంట్లో కొట్లాటా అని అడుగుతూ. ఒకరోజు బువ్వ తింటూ తలెత్తకుండా, పాల్వంచలో ఒక సారున్నాడట, పాటలు పాడేవాళ్లను చూస్తున్నాడట, పోదామా అన్నాడు. నాకు భయం. ఆయన పెళ్లినాటి చొక్కా వేసుకుని, సెలవు పెట్టి, బస్సులో తీసుకుపోయాడు. సార్ ముందు నేను కూర్చున్నాను, ఆయన నిలబడ్డాడు. రెండు పాటలు పాడించుకుని సార్ ఆయన వైపు తిరిగి, ఈమె రాత్రుళ్లు ఊళ్లు తిరగాల్సి వస్తుంది, ఒప్పుకుంటావా అని అడిగాడు.

"నేను రాత్రుల్లు బాయిల దిగుతలేనా సార్. ఆమె స్టేజీ ఎక్కుతది" అన్నాడు మొగిలి.

అలా మొదలైంది. పెళ్లిళ్లు, గణపతి మండపాలు, కాలనీ వార్షికోత్సవాలు, జాతరలు. మణుగూరు, అశ్వారావుపేట, సత్తుపల్లి, మధిర, అటు చర్ల దాకా. ఒక పాత వ్యాను, వెనక స్పీకర్లు, ముందు మనుషులు. సత్తుపల్లి దిక్కు పోతే అక్కడి వాళ్లకు నా మాట మొరటుగా వినిపించేది, అందుకని స్టేజీ మీద నోరు తిప్పుకుని మాట్లాడడం నేర్చుకున్నాను. చీరకు పిన్నులు పెట్టుకోవడం, పాట మధ్యలో జనం వైపు చెయ్యి ఊపడం, ఈలలు వేస్తే నవ్వడం కూడా నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి పోస్టర్ల మీద నా ఫొటో వచ్చింది. కింద 'కుమారి స్వర్ణ' అని. నా పేరు స్వరూప. పెళ్లయి అయిదేళ్లు, అఖిలకు మూడేళ్లు. పెళ్లయిన సింగరంటే జనం రారమ్మా, ఇదంతా మామూలే అన్నాడు సార్. నేను ఒక్క మాట అడ్డం చెప్పలేదు. సార్ మీద నెట్టేయడం ఇప్పుడు సులువు, ఆయన లేడు కాబట్టి. నిజం ఏమిటంటే ఆ కుమారి అన్న మాట నాకు నచ్చింది. ఎండాకాలం చల్లటి నీళ్లు మొహాన కొట్టుకున్నట్టు ఉంది.

మొగిలి ఆ పోస్టరు ఒకటి అడిగి తెచ్చుకుని, మడత పడకుండా చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. మా అత్తమ్మకు చదువు రాదు. ఏం రాసి ఉందో చదవమంది. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. కుమారి దగ్గరికి వచ్చి, ఆగకుండా, "శ్రీమతి స్వర్ణ" అని చదివాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నా వైపు చూడలేదు.

ప్రోగ్రాం అయి వ్యాను నన్ను క్వార్టర్ల మూల మీద దింపేసరికి తెల్లవారుతూ ఉండేది. ఫస్టు షిఫ్టు వాళ్లు టోపీలు పట్టుకుని పోతూ ఉండేవాళ్లు. పొయ్యి మీద మొగిలి నీళ్లు కాచి ఉంచేవాడు. ఉప్పూ పసుపూ వేసి ఒక చెంబు పుక్కిలించడానికి, మిరియాలు దంచి వేసిన పాలు ఒక గ్లాసు. అవి తాగి నేను పడుకునేదాన్ని. నేను లేచేదాకా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడకూడదని ఆయన పెట్టిన నియమం. అఖిల వచ్చి నా మీద పడబోతే ఎత్తుకుని వాకిట్లోకి తీసుకుపోయి, "అమ్మ గొంతు పండుకున్నది బిడ్డా, లేపొద్దు" అనేవాడు. పిల్ల నోటి మీద వేలు పెట్టుకుని నడిచేది. తలుపు సందులోంచి నన్ను చూసి పోయేది. మెలకువ వచ్చినా ఒక్కోసారి కళ్లు మూసుకునే ఉండేదాన్ని, లేస్తే పిల్ల వచ్చి చుట్టుకుంటుందని. అప్పుడు నాకు అది విశ్రాంతి. నాతో మాట్లాడకుండా ఉండడం మా అమ్మాయి మూడేళ్లప్పుడు నేర్చుకుంది. ఆ అలవాటు దానికి ఇప్పటికీ పోలేదు.

పిల్లకు తల దువ్వింది, బడికి పంపింది కూడా ఆయనే. ఇనుప తాడు అల్లిన చేతులు కదా, జడ కూడా అలాగే అల్లేవాడు, సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక జారేది కాదు. పిల్లేమో తల లాగుతోందని ఏడ్చేది. వేళ్ల చీరికల్లో వెంట్రుకలు చిక్కుకుంటాయని ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవాడు. లైనులో మగవాళ్లు నవ్వేవాళ్లు. ఇంట్లో ఆడది ఎవరు, మగోడు ఎవరు అని పంపు దగ్గర ఆడవాళ్లు అనుకునేవాళ్లు. ఆయన సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు తనకు అనువుగా ఇంకొకరితో మార్చుకుంటూ, వాళ్ల కాళ్లా వేళ్లా పడుతూ ఉండేవాడని నాకు తర్వాత తెలిసింది. అడిగితే చెప్పేవాడేమో. నేను అడగలేదు.

మా అత్తమ్మ కొమురమ్మకు చెవుడు అని లైనంతా అనుకునేవాళ్లం. పంపు దగ్గర ఎవరైనా, నీ కోడలు ఎవరి పెండ్లిలో ఎగురుతోంది ఇవాళ అంటే, "ఏంది బిడ్డా? ఆ, అవ్, ఎండ బాగనే ఉన్నది" అని బిందె ఎత్తుకుని వచ్చేసేది. అడవి నుంచి కోయ ఆడవాళ్లు గంపల్లో అప్పుడే మొలిచిన లేత వెదురు కొమ్ములు, మొర్రి పండ్లు తెచ్చేవాళ్లు. నాలుగిండ్ల అవతల వాళ్ల కేక వినపడగానే చేటలో బియ్యం పోసుకుని తయారుగా ఉండేది అత్తమ్మ. వెదురు కొమ్ములు సన్నగా తరిగి, రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోసి, పప్పులో వేసి నాకు తీసి ఉంచేది. ఆ కేక వినపడే మనిషికి పంపు దగ్గరి మాట ఎందుకు వినపడదో నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఆమె చెవులు నాకోసం మూసుకుందని ఆమె పోయాక తట్టింది.

వీటన్నిటికీ ఆ రోజుల్లో నాకు కృతజ్ఞత ఉందా అంటే లేదు. విసుగు ఉంది. దిండుకు బొగ్గు వాసన వస్తోందని నా దిండు వేరు చేసుకున్నాను. ప్రోగ్రాముల్లో పెద్దిండ్ల పెళ్లిళ్లు చూసి వచ్చి, ఇంట్లో అల్యూమినియం గిన్నెలు చూస్తే ఏడుపొచ్చేది. అన్నం తిన్నాక ఆయన కంచంలోనే చెయ్యి కడుగుతాడని మాట్లాడడం మానేసిన రోజులున్నాయి. స్టేజీ మీద మాత్రం ప్రతి ఊళ్లో మైకు పట్టుకుని, ఇంత ఆదరణ చూపిన మీకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను అనేదాన్ని. వాళ్లెవరో నాకు తెలియదు. పొద్దున లేస్తే నేనెవరో వాళ్లకు గుర్తుండదు.

ఇక ఆ రోజు సంగతి. భద్రాచలంలో ఒక యువజన సంఘం వాళ్ల వేడుక. గోదావరి కరకట్టకు దగ్గర్లో మైదానం, పెద్ద స్టేజీ. హైదరాబాదు నుంచి టీవీ పాటల పోటీకి గాయకులను ఎంపిక చేసే ఒకాయన వస్తున్నాడని సార్ వారం నుంచి చెబుతున్నాడు. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే ఆయన వచ్చాడు. స్టేజీ వెనక కుర్చీలు వేసి, సంఘం వాళ్లూ, సారూ, నేనూ ఆయన చుట్టూ ఉన్నాం. నాతో చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. వయసెంత, చదువు ఏమిటి, హైదరాబాదులో ఉండడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అని అడుగుతున్నాడు. అమ్మానాన్న ఒప్పుకుంటారు అని చెప్పాను. అప్పుడు టెంటు పక్క నుంచి మొగిలి వచ్చాడు, అఖిల చెయ్యి పట్టుకుని.

అమ్మ పాడేది చూస్తానని పిల్ల ఎన్నాళ్ల నుంచో ఏడుస్తోందట. ఫస్టు షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కున్నాననిపించి, ఉన్న బస్సు పట్టుకుని వచ్చేశాడు. కనురెప్పల అంచుల్లో బొగ్గు పోలేదు, కాటుక పెట్టినట్టు ఉంది. చొక్కా మంచిదే వేసుకున్నాడు కానీ కాళ్లకు బాయిలో వేసుకునే బూట్లు. అఖిలకు గులాబీ రంగు గౌను, రెండు జడలు గట్టిగా అల్లి, కొత్త రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అప్పుడు దానికి ఏడేళ్లు. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుని ముందుకు దూకబోయింది. హైదరాబాదాయన ఆ ఇద్దరినీ చూసి, ఎవరమ్మా, మీ వాళ్లా అని అడిగాడు.

"మా ఊరాయనండి. మా ఇంటి పక్కన ఉంటారు" అన్నాను.

తడబడలేదు. సత్తుపల్లి వైపు స్టేజీల మీద మాట్లాడే ఆ తిప్పిన మాటతోనే అన్నాను. ప్రభాకర్ సార్ నేల చూపులు చూశాడు. అఖిల నోరు తెరిచింది. మొగిలి దాని చెయ్యి నొక్కడం నాకు కనిపించింది. ఆయన హైదరాబాదాయనకు దండం పెట్టాడు. "అవ్ సార్. పాట మంచిగ పాడుతదని వచ్చినం" అన్నాడు. పిల్లను ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. ఏడేళ్ల పిల్లను ఎత్తుకోవాల్సిన పని లేదు. దాని మొహం నా వైపు ఉండకుండా భుజానికి అదుముకుని తీసుకుపోయాడని ఇప్పుడు అర్థమవుతోంది. ప్రోగ్రాం మొదలయ్యాక జనంలో వెతికాను. లేరు. ఆ సాయంత్రం నేను చాలా బాగా పాడానని అందరూ అన్నారు. హైదరాబాదాయన నా పేరు, ఊరు రాసుకుని పోయాడు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు, కబురూ రాలేదు.

తెల్లారి ఇంటికి వచ్చేటప్పుడు కొట్లాట ఉంటుందనుకున్నాను. ఏం చెప్పాలో వ్యానులోనే తయారు చేసుకున్నాను. వాళ్లు అలా అనమన్నారు, ఒక్కసారి టీవీలో పడితే అందరికీ మంచిదే కదా, ఇలాంటివి. ఏదీ అవసరం పడలేదు. చెంబులో ఉప్పునీళ్లు ఉన్నాయి, గ్లాసులో మిరియాల పాలు ఉన్నాయి. అఖిల గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన టోపీ తీసుకుని, "ఎంతసేపు పాడినవో, అలసిపోయుంటవు, పండుకో" అని బాయికి పోయాడు. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. పల్లెటూరి మనిషి, పట్టించుకోలేదు అనుకున్నాను. ఏళ్ల తరబడి నన్ను నేను నిద్రపుచ్చుకున్నది ఆ ఒక్క మాటతోనే. అయితే ఆ తర్వాత వాళ్లిద్దరూ నా ప్రోగ్రాంకు ఎప్పుడూ రాలేదు. నేను రమ్మనలేదు, ఆయన వస్తాననలేదు, పిల్ల అడగలేదు.

ఇంకో రెండు వానాకాలాలు గడిచాయి. గణపతి నవరాత్రులకు బయల్దేరే రోజు ఆయనకు జ్వరం. అడవి పక్క ఊళ్లు మావి, వానాకాలం ఇంటికొకరికి చలిజ్వరం ఉండేదే. దుప్పటి కప్పుకుని వాకిట్లో కూర్చున్నాడు. పోవాలా వద్దా అని నేను ఒక్కసారి అడిగాను, పిన్నులు పెట్టుకుంటూనే. "మండపాలోళ్లు నీకోసం చూస్తుంటరు. గోలీలు ఏసుకున్న, పో" అన్నాడు. పోయాను. ఆరో రోజు మధిరలో ఉండగా సార్ ఫోనుకు ఖాసిం భాయ్ కబురు చేశాడు. మలేరియా ముదిరి, కిడ్నీల మీద పడి, మొగిలిని ఖమ్మంలో పెద్ద దవాఖానాలో చేర్చారు. ఆయన్ను అక్కడికి తీసుకుపోయింది మా అత్తమ్మ, తొమ్మిదేళ్ల అఖిల, ఖాసిం భాయ్. నాకు చెప్పొద్దని, ప్రోగ్రాం చెడిపోతుందని ఆయనే నాలుగు రోజులు ఆపాడట.

నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, కాళ్లు వాచాయి, తెలివి మాత్రం ఉంది. మా పెళ్లయ్యాక మేమిద్దరం వరసగా నాలుగు పగళ్లు ఒకేచోట ఉండడం అదే మొదలు. రెండో రోజు, అత్తమ్మ బయట వరండాలో ఉన్నప్పుడు, ధైర్యం చేసి, "ఆ రోజు భద్రాచలంల నేను..." అని మొదలుపెట్టాను.

"అఖిలకు జడ గట్టిగ అల్లకు" అన్నాడు ఆయన. "నేను గట్టిగ అల్లి అల్లి తలనొప్పి పట్టించిన. పాపిట కాడ పుండు ఉన్నది దానికి, దువ్వెన తగలనీకు. పప్పుల కరివేపాకు ఏరి పెట్టు, లేకుంటే టిఫిన్ డబ్బ అట్లనే తెస్తది. అమ్మకు కంట్లో మందు పొద్దుగాల ఒక్కసారే, రెండుసార్లు ఏస్తే మండుతది."

ఇక అదే ధోరణి. ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ, నా ఇంటి సంగతులు నాకు చెప్పాడు. పంపు ఏ రోజు రాదో, పాలమ్మాయి నీళ్లు కలిపితే ఎలా పట్టుకోవాలో, పిల్ల ఏ పంతులమ్మకు భయపడుతుందో. అది పరీక్ష ముందు రోజు కడుపునొప్పి అంటుందని, అది నొప్పి కాదని, ఒక గంట పక్కన కూర్చుంటే పోతుందని. నాకు వీటిల్లో ఒక్కటి కూడా తెలియదు. తలూపుతూ విన్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకొక సంగతి చెప్పేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం చెప్పడం ఆపేశాడు.

అంత్యక్రియల దగ్గర బాయిలో పని చేసేవాళ్లు ఒక్కొక్కరూ రెండేసి మాటలు మాట్లాడారు. ఆయన వేసిన అతుకు తెగినట్టు ఎవరూ చూడలేదని ఒకాయన అన్నాడు. నన్ను మాట్లాడమని ఎవరో అంటే తల అడ్డంగా ఊపాను. దుఃఖం వల్ల అనుకున్నారు.

పని చేస్తూ పోయిన మనిషి ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. దానికి నేను ఆయన భార్యనని రుజువు కావాలి. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో తెమ్మన్నారు. ఇంట్లో నా ఫొటోలు రెండు ఆల్బముల నిండా ఉన్నాయి, అన్నీ స్టేజీ మీదివే. ఆయనతో ఉన్నది పెళ్లిలో తీసింది ఒక్కటే, అందులో కూడా నేను తల వంచుకుని ఉన్నాను. అది పట్టుకుని, ఖాసిం భాయ్‌ని సాక్షిగా తీసుకుని ఆఫీసుకు పోయాను. గుమాస్తా కాయితాలు తిరగేస్తూ, పోయినాయన మీకేమవుతాడు అని అడిగాడు. రోజుకు పదిమందిని అడిగే మాట. మా ఇంటాయన అన్నాను. గుమాస్తా చెవి ముందుకు వంచాడు.

"గట్టిగ చెప్పమ్మా, ఫ్యాన్ చప్పుడుల ఇనపడ్తలే" అన్నాడు.

వేల మందికి మైకు లేకుండా వినిపించగలదని పేరున్న గొంతు నాది. రెండోసారి కూడా రాలేదు. మూడోసారి చెప్పాను. "మా ఇంటాయన. మొగిలి మా ఇంటాయన." గదిలో అందరూ తలెత్తి చూశారు. ఆ మాట నలుగురిలో అనడం నా జన్మలో అదే మొదటిసారి. రాసుకున్నాడు. ఉద్యోగం వచ్చింది.

పాట మానేశాను. త్యాగమేమీ కాదు, ఉద్యోగం వదిలి తిరగడానికి లేదు, అంతే. కంపెనీ ఆఫీసులో ఫైళ్లు మోశాను, టీలు పెట్టాను, నెల నెలా ఆయన ఇచ్చిపోయిన తిండి తిన్నాను. పొద్దున్నే పొయ్యి ముట్టించడం నేర్చుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకోవడం మానేశాను. కరివేపాకు ఏరాను. జడ వదులుగా అల్లాను, బడికి చేరేలోపే ఊడిపోయేది. నాన్నలా గట్టిగా అల్లమని అఖిల ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్ష ముందు రోజు పక్కన కూర్చుంటే, "నువ్వు పండుకోమ్మా, నాకేం కాలే" అనేది. అప్పుడు నేను ఉప్పునీళ్ల చెంబు దగ్గర నుంచి వెదురు కొమ్ముల పప్పు దాకా ఒక్కొక్కటే లెక్కకు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. వాటి విలువ తెలిసే వేళకు, ఆ బాకీ తీసుకునేవాళ్లు లేరు. అత్తమ్మ కూడా మరో మూడేళ్లకు పోయింది.

ఇప్పుడు ఇల్లందులో మా లైనులో అందరికీ గ్యాసు పొయ్యిలే. ఆ పొగ ఎక్కడా లేదు. మా మనవరాలికి తల దువ్వే పని అల్లుడిది, అది చూసి ఎవరూ నవ్వరు, అదొక విశేషమని కూడా ఎవరూ అనుకోరు. ఇప్పటి గాయనులు స్టేజీ మీదికి భర్తను పిలిచి, పిల్లల్ని ఎత్తుకుని, ఫొటోలు దిగుతారు. నాకు అది చూస్తే సంతోషం వేయదు. అసూయగా ఉంటుంది. ఇంత సులువా ఇది, నేనెందుకు చేయలేకపోయాను అని.

ఫోన్ వచ్చిన వారానికి అఖిల దగ్గరికి భద్రాచలం పోయాను. దానికి ఆ రోజు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అల్లుడు పాపను తీసుకుని బయటికి పోయాక, ఆ మైదానం రోజు నీకు గుర్తుందా అని అడిగాను. ఉంది అంది. ఇన్నేళ్లూ అది మరిచిపోయి ఉంటుందని నేను పెట్టుకున్న ఆశ అక్కడికి అయిపోయింది. తప్పు చేశానని చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, నా అలవాటు కొద్దీ ఇంకొకటి కలిపాను. "మీ నాన్న ఏం మనసుల పెట్టుకోలే బిడ్డా. తెల్లారి ఎప్పటిలెక్కనే ఉన్నడు" అన్నాను.

అఖిల కంచాలు తీస్తున్నది ఆపింది. నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అని చూసినట్టుంది.

"బస్సుల ఏడ్చిండమ్మా" అంది. "నన్ను ఒళ్లె కూసోబెట్టుకొని ఏడ్చిండు. కండక్టరు ఏమైందన్నా అంటే కంట్లో బొగ్గు పడ్డదన్నడు. ఇంట్ల ఎవ్వరికి చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు. గిప్పటిదాక చెప్పలే."

ఎంతసేపు అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకు తెలియదు.

"పాల్వంచ దాక" అంది.

కంచాలు తీసుకుని లోపలికి పోయింది. నీళ్ల చప్పుడు వినిపించింది. లేచి వెళ్లి పక్కన నిలబడి అది తోమినవి తుడిచి పెట్టాను. పొద్దు ఉండగానే బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. గోదావరి వంతెన దాటాక, ఊళ్లు దాటాక, అడవి మొదలైంది. రోడ్డు ఇప్పుడు వెడల్పు చేశారు, బస్సు ఎక్కడా కుదుపు లేకుండా పోతోంది. పాల్వంచ పొగగొట్టాలు కనిపించేదాకా చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. అప్పటి రోడ్డు ఇంత బాగుండేది కాదు.